ఆ లైన్ మీద ఎన్ని వాల్వులున్నాయి?

పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. అక్కడ అందరూ తెల్లకోట్లు వేసుకుని గాజు సీసాలు ఊపుతుంటారని మా చుట్టాలు అనుకుంటారు గానీ, నా డ్యూటీలో సగం రాతపనే. టెంపరేచర్ ఉండాల్సినదానికంటే రెండు డిగ్రీలు ఎక్కితే చాలు, ఎప్పుడైంది, ఎందుకైంది, ఎవరు చూశారు, మళ్లీ జరక్కుండా ఏం చేశారు, అంతా ఇంగ్లీషులో డీవియేషన్ రిపోర్టు రాయాలి. నేనేమో తెలుగు మీడియం.

మూడేళ్ల కిందట ఒక ఆడిటర్ నా రిపోర్టు చూస్తూ "ఈ లైన్ మీద ఎన్ని వాల్వులున్నాయి?" అనడిగారు. ఒకటేనండీ అన్నాను. "మరి 'ఎ వాల్వ్ వాజ్ లీకింగ్' అని రాశారేం? పది ఉంటే అందులో ఏదో ఒకటి కారినట్టుంది." ఏసీ గదిలో చెమటలు పట్టాయి. 'ఎ' బదులు 'ద' రాయాలి, అంతే, కానీ ఆ అంతే దగ్గరే కదా మనం పడేది.

గ్రామర్ పుస్తకాల్లో సూత్రాలు చదివాను, నిలవలేదు. చివరికి దారి తెలుగులోనే దొరికింది. 'బల్ల మీద పుస్తకం ఉంది' అంటే ఏదో ఒక పుస్తకం. 'పుస్తకం బల్ల మీద ఉంది' అంటే మనిద్దరికీ తెలిసిన పుస్తకం. మాటల వరస మార్చి మనం చెప్పేసేదాన్ని, వరసను మనలా ఇష్టమొచ్చినట్టు కదపలేని ఇంగ్లీషు ఒక చిన్న మాట తగిలించి చెబుతుంది. అప్పట్నుంచీ రాసేముందు, చదివేవాడు 'ఏ వాల్వ్?' అని అడుగుతాడా అని చూసుకుంటున్నాను. అడగక్కర్లేకపోతే 'ద'. అన్నిచోట్లా ఇది పనిచేయదు లెండి, పేర్ల గోల వేరు: శ్రీకాకుళం ముందు ఏమీ రాదు, నాగావళి ముందు మాత్రం 'ద' రావాలి.

మిగతా తప్పులూ ఇంటి నుంచి వచ్చినవే. 'గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్డ్ అబౌట్', 'నిన్ననే'కి 'యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్', చిన్న చిన్న సమస్యలకి 'స్మాల్ స్మాల్ ప్రాబ్లమ్స్'. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిశాక పట్టుకోవడం తేలికైంది. షిఫ్ట్ అయ్యాక శ్రీకాకుళం బస్సులో ఆ రోజు జరిగింది ఐదారు లైన్లు నోట్‌బుక్‌లో రాస్తాను, మర్నాడు పొద్దున్న పైకి చదువుతాను, రాత్రి కంటికి ఆనని తప్పు పొద్దున్న చెవికి తగులుతుంది. "ఏటిరా, ఉజ్జోగం వచ్చీసినా ఇంకా పరీచ్చలేటి?" అంటుంది అమ్మ. ఫోన్‌లో దిద్దించుకోవచ్చుగా అంటారు కొందరు. దిద్దుతుంది, కాదనను, కానీ నేను 'పంపు ఆగింది' అని రాస్తే దాన్ని 'పంపు తన కార్యకలాపాలను నిలిపివేసింది' లాంటి ఇంగ్లీషులోకి ఎక్కిస్తుంది.

అసలు మొండి జబ్బు అదే. వాడుక తెలుగు కోసం గ్రాంథికంతో జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మా జిల్లా పర్వతాలపేటలో, గురజాడతో కలిసి చదువుకుంది పక్కనున్న విజయనగరంలో. అలాంటి చోట పుట్టి, ఇంగ్లీషులో మాత్రం గ్రాంథికం వదలం. 'ఐ బెగ్ టు స్టేట్', 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్'. ఏం చెయ్యాలో చెప్పకుండా చెయ్యాల్సింది చెయ్యమంటే ఎదుటివాడు ఏం చేస్తాడు? నా మెయిల్స్‌లో అవన్నీ తీసేసి 'శుక్రవారం లోపు గేజ్ మార్చండి' అన్నంత సూటిగా రాయడం మొదలుపెట్టాక గేజ్‌లు నిజంగానే మారుతున్నాయి.

ఆ ఊపులో మొన్న ఆరో తరగతి చదివే మా మేనల్లుడి లీవ్ లెటర్ కూడా దిద్దాను. 'ఐ బెగ్ టు స్టేట్' కొట్టేసి, జ్వరంగా ఉంది, రెండు రోజులు రాలేను అని రెండు వాక్యాల్లో రాయించాను. సాయంత్రం వాడు కాగితం తెచ్చి చూపించాడు. నేను కొట్టేసిన చోటే, ఎర్ర సిరాతో, 'ఐ బెగ్ టు స్టేట్'.