పైపు తీసేశాక మళ్లీ నీరు చేరింది

అమ్మకి రొమ్ము ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చినప్పుడు లోపల చేరే నీటిని బయటికి లాగడానికి చంక కింద నుంచి ఒక సిలికాన్ పైపు, దాని చివర గుప్పిట్లో పట్టేంత మెత్తటి బల్బు వేలాడుతుండేవి. రోజుకి రెండుసార్లు మూత తీసి అందులోది కొలిచే కప్పులోకి వంపి, ఎన్ని ఎమ్మెల్ వచ్చిందో రాసుకుని, బల్బుని గట్టిగా నొక్కి పట్టుకునే మూత పెట్టాలి, అప్పుడే అది లోపల్నుంచి లాగుతుంది. మొదట్లో ఎర్రగా, తర్వాత గులాబీగా, చివరికి లేత పసుపుగా వచ్చేది. మధ్యలో దారప్పోగులా రక్తం గడ్డ అడ్డుపడితే చర్మం దగ్గర పైపు కదలకుండా ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేతి వేళ్లతో కిందికి జరుపుతుంటే అమ్మ ఊపిరి బిగబట్టేది.

రోజుకి 30 ఎమ్మెల్ లోపు వస్తే తీసేస్తాం అన్నారు, తీసేశారు కూడా. వారం తిరక్కుండానే చంక కింద ఉబ్బింది, వేలు పెడితే నీళ్ల సంచిలా కదిలింది. ఆపరేషన్ చోట ఇలా నీరు చేరడాన్ని సెరోమా అంటారట. సిరంజితో రెండుసార్లు లాగారు.

అప్పట్నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతున్నా. కండ తీసేసిన చోట లోపల ఖాళీ మిగులుతుంది, ఒంట్లో కణాల మధ్య నీటిని మోసే లింఫ్ నాళాలు తెగితే వాటిల్లోంచి ఊట వస్తూనే ఉంటుంది, పై పొరా కింది పొరా అతుక్కునేదాకా అది ఆగదు. పైపు నీటిని లాగుతుందంతే, పొరల్ని అతికించడం దానివల్ల కాదు. ఎక్కువ రోజులుంచితే ఇన్ఫెక్షన్ భయం, తొందరగా తీస్తే మళ్లీ నీరు.

అందుకే నాకు ఈ బయలాజికల్ మెటీరియల్స్ మీద ఆశ. గొర్రె జీర్ణాశయం గోడనో పంది చిన్నపేగు గోడనో తీసుకుని కణాలన్నీ పోయేలా కడిగేస్తే కొలాజెన్ అనే ప్రోటీన్ అల్లిక పల్చటి షీటులా మిగులుతుంది. ఆ షీట్ల మధ్య సన్నటి దారులు పెట్టి, దారి చివర పైపు తగిలించి బయట్నుంచి సక్షన్ ఇస్తే ఆ లాగుడు ఏదో ఒక్క చోట కాకుండా షీటు పరిచినంత మేరా అందుతుంది, రెండు పొరలూ దానికి అంటుకుంటాయన్నది ఆలోచన. తర్వాత పైపు ఒక్కటే తీసేస్తారు, షీటు లోపలే ఉండిపోతుంది, మన కణాలూ రక్తనాళాలూ దాన్లోకి పాకి మెల్లగా మన కండలోనే కలిసిపోతుంది. అలాగని ఏ షీటు పెట్టినా సరిపోదు, రొమ్ముని మళ్లీ కట్టే ఆపరేషన్లలో కొన్ని రకాల షీట్లు వాడినప్పుడు సెరోమాలు ఎక్కువయ్యాయి కూడా. నీరు బయటికి పోయే దారి ఉండాల్సిందే.

మొన్న అమ్మని అడిగా, గొర్రె పొట్టతో చేసింది లోపల పెడతామంటే ఒప్పుకునేదానివా అని. "నీరు చేరకపోతే చాలమ్మా, గొర్రెదైతే ఏంటి, కాకపోతే అది దేంతో చేశారో ముందే చెప్పి పెట్టాలి" అంది.