చంపే మందుతో పెరిగిన దోమ

పోయిన అక్టోబరులో మా రెండెకరాల సాంబ మసూరి వరి చిరుపొట్ట మీద (వెన్ను ఇంకా లోపలే) ఉండగా, నాన్న దుబ్బుల మొదళ్లలో సుడిదోమను, అంటే వరి రసం పీల్చే చిన్న పురుగును, చూశారు. దుబ్బుకు ఐదారు, అంతే. దుకాణంలో సింథటిక్ పైరెత్రాయిడ్ మందు ఇచ్చారు. ఫోనులో అడిగితే, వ్యవసాయం చదివిన నేనే "సరే, కొట్టండి" అన్నాను. ఆ మాట ఇప్పటికీ బాధిస్తోంది.

మర్నాడు నీళ్ల మీద చచ్చిన దోమ తేలింది. నాలుగు వారాలకు చేను నడుమ నులకమంచమంత మేర ఎండి సుడి పడింది. నేను వెళ్లేసరికి దుబ్బుకు యాభైకి తక్కువ లేవు.

ఒక పిలక పీకి, ఆకుతొడుగు మీద గోధుమరంగు గీత ఉన్నచోట బ్లేడుతో చీల్చాను. భూతద్దం కింద గుడ్లు, అరటి హస్తంలో కాయల్లా ఒకదాని పక్కన ఒకటి. మనం పైన కొట్టే మందు ఆ గూట్లోకి సరిగా చేరదు. వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అప్పటికి వాటిని తినే సాలీళ్లు, గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు మందుకు చచ్చిపోయి ఉంటాయి.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. చావకుండా మిగిలిన తల్లిదోమ మామూలుకన్నా ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చెల్లయ్య, హెన్రిక్స్ 1980లోనే ఈ సంగతి చూపారు. డెల్టామెత్రిన్ (మేం కొట్టిన పైరెత్రాయిడ్ల కోవలోదే), మిథైల్ పారాథియాన్ అనే పురుగుమందులు చల్లిన వరి మీద దోమ ఎక్కువ రసం పీల్చింది, పిల్లలు త్వరగా ఎదిగాయి, గుడ్లు పెరిగాయి. దోమ ఇలా తిరగబడుతుంటే ఇండోనేషియా 1986లో 57 రకాల పురుగుమందులను వరిలో వాడకుండా నిషేధించింది.

అన్ని మందులూ ఇలా చేయవు. బుప్రోఫెజిన్ పిల్లపురుగులను కుబుసం విడవనివ్వదు, తల్లి పెట్టే గుడ్లనూ తగ్గిస్తుంది. అయినా ముందు లెక్క చూడాలి. పిలకల దశలో దుబ్బుకు 10–15, ఈనే దశలో 20–25 దాటితేనే మందు జోలికి వెళ్లాలి.

ఈ ఏడు నాట్లప్పుడే మొదళ్లకు గాలి, వెలుతురు తగిలేలా ప్రతి రెండు మీటర్లకు జానెడు బాట వదిలాం. వారానికోసారి నాన్న దుబ్బును వంచి మొదట్లో రెండు దెబ్బలు తడతారు. నీళ్లలో పడిన దోమలను ఆయన లెక్కపెడతారు, సాలీళ్లను నేను. నిన్న దోమలు ఏడు, సాలీళ్లు మూడు. మందు డబ్బా తీయలేదు.