రాగి తవ్విన చెలమ

బెంగళూరు గిరినగర్ నుంచి కెంగేరికి ఆటో అతను 400 అడిగాడు. మీటరు ప్రకారం మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. ఎటు తిప్పి లెక్కేసినా 200 చుట్టూనే తేలుతుంది. "కుక్క ఉంది కదా సార్, సీటంతా వెంట్రుకలే" అన్నాడు. మెట్రోలో కుక్కను ఎక్కనివ్వరు. ఆదివారం పొద్దున్నే ఇంకో దారి లేదు. 350కి బేరం కుదిరింది. నాయండహళ్లి దాకా ఆ డబ్బు గురించే లోపల గొణుక్కుంటూ కూర్చున్నాను.

రాగి నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. మైసూరు రోడ్డు వృషభావతి నదికి దగ్గరగా జరిగిన చోటల్లా లేచి ముక్కు బయటికి పెట్టేది. నాకూ ఆటో అతనికీ అది కంపు. దానికి మాత్రం ఆ గాలిలో ఎన్నో కబుర్లు ఉన్నట్టున్నాయి.

రాగి వీధి కుక్క పిల్ల. మూడేళ్ల కిందట వానలో తడుస్తూ మా గేటు కింద దూరి వచ్చింది. రాగిపిండి రంగు, అందుకే ఆ పేరు. పొద్దున నడకకు ఎటు తీసుకెళ్లినా చివరికి రాజకాలువ, అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలువ, వైపే లాగుతుంది. ఆ కాలువ వెళ్లి వృషభావతిలో కలుస్తుందని తెలిశాక, నది వెంబడి రెండు రోజులు నడవాలని అనుకున్నాను. ఇన్నేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను, ఈ ఊరి నదిని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదన్న బాధ చాలా రోజులుగా ఉంది.

శనివారం బసవనగుడిలో మొదలుపెట్టాం. అక్కడి గుడిలోని దొడ్డ బసవన్న, అంటే పెద్ద నంది, పాదాల దగ్గర పుట్టింది కాబట్టి వృషభావతి అయిందని నమ్మకం. లోపల ఒకే రాతిలో చెక్కిన నంది, దాదాపు 15 అడుగుల ఎత్తు. కుక్కతో లోపలికి వెళ్లలేను కాబట్టి మెట్ల కిందే నిలబడి దండం పెట్టుకున్నాను. కార్తీక మాసం చివరి సోమవారం ఇక్కడే కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర, జరుగుతుంది. మా అనంతపురం వైపు నుంచి కూడా శెనక్కాయల మూటలు వస్తాయి. పోయినేడు అక్కడ కొన్న ఉడకబెట్టిన కాయలు సగం రాగే తినేసింది.

పుట్టిన చోట నది కనపడలేదు. కెంపాంబుధి చెరువు దాటి, గాలి ఆంజనేయస్వామి గుడి దాకా వచ్చాక కనపడింది. పెద్ద వాన పడితే ఈ గుడిలోకి నీళ్లు వచ్చేస్తాయి. మామూలు రోజుల్లో కాంక్రీటు గోడల మధ్య నల్లగా, నురగతో పోతూ ఉంటుంది. శనివారమంతా నది పక్కన నడిచామని చెప్పడానికి నాకు నోరు రాదు. గోడ పక్కన నడిచాం. వంతెన మీద ఇనుప జాలీ సందులోంచి తొంగి చూశాం. ఒక ఊరు తన నదిని ఇంతగా దాచిపెడుతుందా అని కోపం వచ్చింది. జనం దీన్ని వృషభావతి అనడం కూడా మానేశారు. ఎవరిని దారి అడిగినా "ఓ, కెంగేరి మోరీనా?" అన్నారు. మోరి అంటే కన్నడంలో మురుగుకాలువ.

జ్ఞానభారతి దగ్గర మాత్రం కాసేపు ప్రాణం లేచి వచ్చింది. విశ్వవిద్యాలయం చెట్లు దట్టంగా ఉన్న రోడ్డు అది. కానుగ చెట్ల నీడలో రాగి పచార్లు చేసింది, ఉడతల వెంట పడింది. కన్నడంలో కానుగను హొంగె అంటారు. ఆ నీడలో నిలబడితే ఒకప్పుడు ఈ లోయంతా ఇలాగే ఉండి ఉంటుందనిపించింది. మిగతా శనివారం గురించి చెప్పడానికేం లేదు, నా కాళ్లు బొబ్బలెక్కాయి.

ఆదివారం కెంగేరి దాటాక గోడలు పోయాయి. నది విశాలమైంది. ఒడ్డున పశువుల గడ్డి, మొక్కజొన్న, పూల తోటలు. ఎండాకాలం, అయినా నీళ్లు గలగలా పారుతున్నాయి. అది చూసి నాకు మా పెన్న గుర్తొచ్చింది. మా అమ్మమ్మ వాళ్లది హిందూపురం దగ్గర పరిగి. జయమంగళి పెన్నలో కలిసేది ఆ చుట్టుపక్కలే. పెన్న పుట్టేది నంది కొండల్లో. ఈ వృషభావతి వెళ్లి కలిసే అర్కావతి పుట్టేదీ ఆ కొండల్లోనే. పెన్నలో నేను చూసింది ఎక్కువగా ఇసుకే. నీళ్లు పారిన రోజు ఊరంతా కొబ్బరికాయలు పట్టుకుని పరిగెత్తేవాళ్లం. ఇక్కడ మండుటెండలోనూ నది నిండుగా ఉంది, ఎవరూ కొబ్బరికాయ కొట్టరు.

ఈ నీళ్లు ఎక్కడివో మనకు తెలుసు. 1974లో కావేరి నీళ్లు బెంగళూరుకు వచ్చాయి. దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తారు. 2024లో ఆ పథకం అయిదో దశ కూడా మొదలైంది, రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్లు. మన వంటిళ్లలో, స్నానాల గదుల్లో వాడేసిన ఆ నీళ్లలో ఒక పాలు ఈ లోయలోకే దిగుతుంది. పీణ్య వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చేది దానికి తోడు. ఇదంతా అర్కావతిలో కలిసి, సంగమ అనే చోట మళ్లీ కావేరిలోకే పోతుంది. శనివారం పొద్దున నేను స్నానం చేసిన నీళ్లు నాకంటే ముందే ఈ దారిన వెళ్లి ఉంటాయి. ఆ ఆలోచన వచ్చాక ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

పదకొండు గంటలకు ఎండ బాగా ముదిరింది. నా సీసాలో నీళ్లు అయిపోయాయి, చివరి గుక్కలు రాగికే పోశాను. ఒడ్డున ఒకచోట ఇసుక మేట ఉంది. రాగి తాడు లాక్కుని అక్కడికి దూకింది. నదిలో మూతి పెడుతుందేమోనని గుండె ఆగినంత పనైంది. అది నదిలోకి పోలేదు. ఒడ్డుకు నాలుగడుగుల ఇవతల ఆగి, ముందు కాళ్లతో ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. ఇసుక నా ప్యాంటు మీద పడేంత జోరుగా తవ్వుతోంది.

"ఆ నీళ్లు తాగనియ్యొద్దు నాయనా!"

తెలుగు! వెనక్కి తిరిగితే గడ్డిమోపు దించుకుంటున్న ఒక ముసలావిడ. డెబ్బై అయిదేళ్లు ఉంటాయి. రాగి మీద నేను తెలుగులో అరవడం విన్నట్టుంది, "యా ఊరు మీది?" అని అడిగింది.

"హిందూపురం అవ్వా."

"మాది మడకసిర పక్కన. పెండ్లి చేసుకొని ఈడికి వచ్చి యాభై అయిదేండ్లు దాటిపాయ." మాటల మధ్యలో కన్నడం కలుస్తోంది కానీ యాస చెక్కుచెదరలేదు. మా అమ్మమ్మ పోయాక ఆ యాస నేను విని చాలా ఏళ్లయింది. ఆమె ఏం చెప్పినా వింటూ అక్కడే ఉండిపోవాలనిపించింది.

ఆమె రాగినే చూస్తోంది. "అట్లనే మేమూ తవ్వుతాంటిమి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ యేట్లోనే గుడ్డలు ఉతుకుతాంటిమి. తాగేదానికి ఈ ఇసకలోనే చెలమ తీస్తాంటిమి. చిప్పతో ముంచుకుంటే టెంకాయ నీళ్ల మాదిరి ఉంటాండె."

చెలమ. పరిగిలో ఎండాకాలం అమ్మమ్మ బిందె పక్కన పెట్టుకుని ఇసుకలో కూర్చునేది. మోచేతి లోతు తవ్వాక అడుగున తడి, తర్వాత కొంచెం కొంచెంగా ఊట. మొదటి ఊట చేది పారబోసేది. రెండోది తేటగా వచ్చేదాకా మమ్మల్ని తాకనిచ్చేది కాదు. అంత సేపు కూర్చోవడం చిన్నప్పుడు నాకు విసుగ్గా ఉండేది.

రాగి గోతిలోకి నీళ్లు ఊరాయి. బూడిద రంగులో, పైన నూనె తెట్టు. నేను తాడు బిగించాను. రాగి వాసన చూసింది, తల పక్కకు తిప్పుకుంది. మళ్లీ కొంచెం దూరంలో తవ్వింది. అక్కడా అదే ఊట.

"దానికి తెలుస్తాది" అంది అవ్వ. "మా ఆవులే ఈ నీళ్లు తాగవు. గడ్డి మాత్రం దీంతోనే పండుతాది. ఏం చేసేది, బోరు ఎండిపాయ."

ఆమె ఇల్లు గట్టు మీదే. గుమ్మంలో ఇరవై లీటర్ల క్యాను. రోజూ కొడుకు ఊర్లోని ప్లాంటు దగ్గర కాయిన్ వేసి పట్టుకొస్తాడట. "కుక్కకు క్యాను నీళ్లు ఎందుకు అవ్వా, బకెట్టులోవి పోయండి" అన్నాను. ఆమె వినలేదు. స్టీలు గిన్నె తెచ్చి, క్యాను వంచి, నిండుగా పోసి రాగి ముందు పెట్టింది.

రాగి గిన్నె అడుగు కనపడేదాకా తాగి, తలెత్తి ఆమెను చూసింది. అవ్వ మళ్లీ క్యాను వంచింది.