అన్నీ పూరీలే

"ఇదేంటి నాన్నా?"
"పూరీ."
"మరి ఇదీ?"
"టీవీ."

మా గదిలో రోజూ ఇదే గోల. పిల్లల కంటి విభాగంలో చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టుగా చేరి పదకొండేళ్ళవుతోంది. అక్షరాలు రాని పిల్లలకు మేం వాడేది లియా చార్టు. ఫిన్లాండ్‌కు చెందిన కంటి డాక్టరు లియా హైవారినెన్ 1976లో తయారుచేసిన బొమ్మలు. ఆపిల్, ఇల్లు, గుండ్రం, చదరం. నాలుగే.

ఆపిల్‌ని ఆపిల్ అన్న పిల్లలు నాకు తక్కువే తగిలారు. టమాటా అంటారు, జామకాయ అంటారు. "లవ్ గుర్తు" అని ఒకడు గట్టిగా అనేసరికి వాళ్ళమ్మ తల దించేసుకుంది. ఇల్లు గుడి అవుతుంది. చదరం టీవీ, కాకపోతే బిస్కెట్టు. గుండ్రం మాత్రం ఎక్కువమందికి పూరీయే. ఏమన్నా ఫర్వాలేదు. ముందు దగ్గర కూర్చోబెట్టుకుని వాళ్ళతోనే పేర్లు పెట్టించి, తర్వాత మూడు మీటర్ల దూరం నుంచి అవే అడుగుతాను. నోరు విప్పని పిల్లల ఒళ్ళో ఈ నాలుగు బొమ్మల అట్ట పెడతాను. నేను చూపించినదాని మీద వేలు పెడితే చాలు. నా అసలు తగువంతా పక్కనుంచి "ఆపిల్ కదరా, చెప్పు" అని అందించే అమ్మమ్మలతోనే.

ఈ బొమ్మల్లో ఓ తమాషా ఉంది. చూపు అందే హద్దు దాటగానే నాలుగూ ఒకేలా మసకబారి గుండ్రంగా కనపడతాయి. పెద్దవాళ్ళయితే అక్కడ "తెలీట్లేదండీ" అంటారు. పిల్లలు ఆగరు. "పూరీ, పూరీ, పూరీ" అంటూ ధీమాగా చెప్పుకుపోతారు. అన్నీ పూరీలైపోయాయంటే నేను ఆ వరుస దగ్గర ఆపేయాలని అర్థం.

చేరిన కొత్తలో నాలుగేళ్ళ బాబొకడు వచ్చాడు. కుర్చీలో క్షణం కూర్చోడు. చార్టు మీద వరుస చూపిస్తే వాడి చూపు ఎక్కడికో పోతోంది. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు. టెన్షన్‌లో విడి కార్డులు తీశాను, ఒక్కో కార్డుకు ఒక్కటే బొమ్మ. టకటకా చెప్పాడు. రెండు కళ్ళకూ 6/9 (మామూలు చూపున్నవాళ్ళు తొమ్మిది మీటర్ల నుంచి పోల్చేదాన్ని ఆరు మీటర్ల నుంచి పోల్చడం) రాసి పంపేశాను.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చాడు. ఎడమ కన్ను మూస్తే పుస్తకం తోసేస్తున్నాడని వాళ్ళ టీచరు చెప్పిందట. వరుస బొమ్మలతో చూస్తే కుడి కన్ను 6/24. నాకు నమ్మబుద్ధి కాలేదు. పాత విడి కార్డులు తెచ్చి అదే కన్నుకు చూపించాను. 6/12! లేజీ ఐ, అంటే మెదడు సరిగా వాడుకోని కన్ను, చేసే మోసమిది. ఒంటరి బొమ్మను బాగానే పోల్చుకుంటుంది, పక్కన ఇంకో నాలుగు చేరితే అన్నీ ఒకదాన్నొకటి తోసుకున్నట్టు కలిసిపోతాయి. ఈ సంగతి నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అద్దాలు, మంచి కన్నును మూసి ఉంచే ప్యాచ్ రెండేళ్ళ ముందే మొదలుపెట్టాల్సింది. వాళ్ళ నాన్న నన్నేమీ అనలేదు, ప్యాచ్ ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగాడు. ఇప్పుడు వరుస చూడలేని చిన్నపిల్లలకైనా, చుట్టూ గీతలున్న బొమ్మ తప్ప ఉత్త విడి బొమ్మ చూపించను. ఎంత క్యూ ఉన్నా సరే.

ఇంకో రకం తొందర ఉంది. పోయిన నెల ఏడేళ్ళ పాప వచ్చింది. తెల్లని జుట్టు, తెల్లని రెప్పవెంట్రుకలు, అటూ ఇటూ ఊగే కళ్ళు. అల్బినిజం, అంటే పుట్టుకతోనే ఒంట్లో రంగు తక్కువ. పాత ఫైలులో "రెండు మీటర్ల దగ్గర వేళ్ళు లెక్కపెడుతుంది" అని ఉంది. అంటే ఎవరో చెయ్యి ఎత్తి "ఎన్ని?" అని అడిగి వదిలేశారన్నమాట. అది కొలత కాదు. ఎవరి వేళ్ళు, వెనక గోడ ఏ రంగు?

మూడు మీటర్ల దగ్గర పై వరుస కూడా తడబడుతూనే చెప్పింది. వెలుగు పడని కళ్ళు కదా, తలమీద ట్యూబులైటు ఆపేశాను. చార్టును ఒక మీటరు దగ్గరికి తెచ్చాను. రెండు కళ్ళూ తెరిచే ఉంచాను, ఒకటి మూస్తే ఇలాంటి కళ్ళు ఇంకా ఎక్కువ ఊగుతాయి. విడివిడిగా చూడాల్సి వచ్చినప్పుడు మూయకుండా, రెండో కన్నుకు ప్లస్ అద్దం పెట్టి మసకచేశాను. పాప మెల్లగా మొహం ఎడమకు తిప్పింది. "నేరుగా చూడవే" అని వాళ్ళమ్మ గడ్డం పట్టుకోబోయింది. వద్దన్నాను. అలా తిప్పినప్పుడే ఊగడం తగ్గుతుంది. "గుడి... బిస్కెట్టు... పూరీ కాదు ఆంటీ, జామకాయ" అంది. మామూలు చూపున్నవాళ్ళు ఎనిమిది మీటర్ల నుంచి పోల్చే బొమ్మలవి. లెక్కకడితే 6/48.

ఆ అంకె కింద బడికి ఇవ్వడానికి నాలుగు మాటలు రాశాను. ముందు బెంచీ, కిటికీకి ఎదురుగా వద్దు, క్లాసులోనూ టోపీ పెట్టుకోనివ్వండి. వాళ్ళమ్మ కాగితం మడుస్తుంటే వెనక్కి తీసుకుని ఇంకో లైను చేర్చాను: తల పక్కకు తిప్పి చూస్తుంది, సరిచేయకండి.