25 రోజులన్న పని 58 రోజులకు తేలింది

మా బాత్రూమూ వంటగదీ కొత్తగా చేసిన మేస్త్రీ చేతిలో నిన్న సాయంత్రం చివరి 18,000 రూపాయలు పెట్టాను. ఒకసారి లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకోబోయాడు. "మళ్లీ లెక్కపెట్టు, తర్వాత మాట రాకూడదు" అన్నాను. ఇదివరకు నేను ఇలా మాట్లాడే మనిషిని కాదు. ఇంట్లో సిమెంటు దుమ్ము ఇంకా పోలేదు, కోపమూ పోలేదు. మాట కాస్త కటువుగా వస్తే సర్దుకోండి.

మా ఇల్లు ఒంగోలు లాయర్‌పేటలో. మామయ్యగారు 1996లో కట్టించారు. పైన మేము, కింద అద్దెకున్నవాళ్లు. నిరుడు తుపాను వానల్లో వాళ్ల పడకగది కప్పు మీద అరచేయంత తడి మరక వచ్చింది. వాన నీరే అనుకున్నాం. వానలు వెళ్లిపోయినా మరక వెళ్లలేదు, చాపంత అయింది. చివరికి ఆ ఇల్లాలే పైకి వచ్చి, "టీచరు గారూ, మీరు తలంటు పోసుకున్న రోజు మా మంచం మీద చుక్కలు పడుతున్నాయి" అని చెప్పింది. ఇక ఆలస్యం చేయడానికి ముఖం చెల్లలేదు. ఎలాగూ బాత్రూము పగలగొడుతున్నాం కదా అని వంటగది కూడా కలిపేశాం. మాఘమాసంలో మంచిరోజు చూసి మొదలుపెట్టాం.

మేస్త్రీ తెలిసినవాళ్లకు తెలిసినవాడు. సామాను మాది, కూలి మొత్తం 95,000కు మాట. 25 రోజులన్నాడు. పొడుగు నోటుపుస్తకంలో షరతులన్నీ రాసి సంతకం పెట్టించాను. ఎన్ని పాయింట్లు, ఎన్ని కుళాయిలు, షెల్ఫులు ఎన్ని, అన్నీ ఉన్నాయి అందులో. అసలు రాయవలసిన ఒక్క మాట తప్ప.

పగలగొట్టడం నాలుగు రోజులు. చెత్త ట్రాక్టరుకు రెండు ట్రిప్పులు. పాత ఇనుప గొట్టాలు లోపల తుప్పు పట్టి పెన్సిలు పట్టేంత సందు మాత్రమే మిగిలింది. వాటి చోట ప్లాస్టిక్ గొట్టాలు, వేడినీళ్లకు మాత్రం వేడిని తట్టుకునే సీపీవీసీవి వేయించాం. ప్లంబరు కుర్రాడు మంచివాడు, చెప్పిన రోజుకు వచ్చి చెప్పిన రోజుకు వెళ్లాడు. గోడలో కొట్టిన గాడులు పూడ్చకముందే గొట్టాల పక్కన కొలత టేపు పెట్టి ఫోటోలు తీసుకున్నాను. తర్వాత గీజరు బిగించడానికి వచ్చినతను డ్రిల్లు పెట్టబోయిన చోటు సరిగ్గా వేడినీళ్ల గొట్టం మీద! ఫోటో చూపించి ఆపాను. ఈ ఇంట్లో ఇంజనీరింగు చదివింది నేను కాదు, మా ఆయన. ఫోటోలు తీసింది మాత్రం నేను.

టైల్స్ దుకాణానికి మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లకండి. మేము వెళ్లాం. కర్నూలు రోడ్డులో ఒక దుకాణం. లోపల అడుగు పెట్టగానే ఆ దుకాణదారుకూ మేస్త్రీకీ మధ్య చూపులు నడిచాయి. నేను అడుగు బిళ్లలు, గరుకువి అడిగాను. మా అత్తయ్యకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. "ఇప్పుడు ఎవరూ అవి వేయడం లేదమ్మా, రెండడుగుల బిళ్ల వేస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది" అని నిగనిగలాడే పలకలు అంటగట్టారు. ఏడడుగులకు ఐదడుగుల గది పెద్దదిగా కనిపించి ఎవరిని ఉద్ధరించాలి? కానీ ఆ రోజు నోరు మెదపలేదు. ఆ బిల్లులో మేస్త్రీ వాటా ఉందని తర్వాత మిగిలిన పెట్టెలు వెనక్కి ఇవ్వబోయినప్పుడు తెలిసింది.

బాత్రూము లేని రోజులు 23. పొద్దున్నే ఐదున్నరకు బకెట్టు, తుండు, సబ్బుపెట్టె పట్టుకుని పదిహేడు మెట్లు దిగి, అద్దెకున్నవాళ్ల తలుపు తట్టేదాన్ని. అత్తయ్యను ఒక్కో మెట్టూ దించేసరికి పావుగంట. మొదటి వారం ఆ ఇల్లాలు "రండి రండి" అంది. రెండో వారం తలుపు తీసి పక్కకు తప్పుకుంది. మూడో వారం, "ఈ నెల అద్దెలో నీళ్ల మోటారు కరెంటు తగ్గించుకోమంటారా?" అని అడిగింది. నేనైనా అంతే అడుగుతాను, ఆమె తప్పేమీ లేదు. ఒకరోజు తలకు తుండు చుట్టుకుని మెట్లెక్కుతుంటే సైకిలు మీద ట్యూషనుకు వెళుతున్న మా పదో తరగతి పిల్లాడు కాలు నేలకు ఆనించి మరీ "గుడ్ మార్నింగ్ టీచర్!" అన్నాడు. ఆ రోజు వాడి తరగతికి వెళ్లి త్రికోణమితి చెప్పాలి నేను.

ఇక అసలు సంగతి.

నేల టైల్స్ వేసిన మర్నాడు బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాను. ఏదో తేడాగా ఉంది. నీళ్లు పోయే జాలీ కిటికీ గోడ మూల ఉంది. నేల మాత్రం నా వైపు వాలినట్టు ఉంది. పైగా బాత్రూము నేలకూ హాలు నేలకూ మధ్య ఇంతకుముందు అంగుళం దిగుడు ఉండేది, ఇప్పుడు గోరంత కూడా లేదు. నీళ్లు పోయేందుకు నేలకు ఇచ్చే ఆ వాలునే వాటం అంటారు. "మేస్త్రీ, వాటం గుమ్మం వైపు ఉంది" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. ఇద్దరు కూలీల ముందు నవ్వి, "మేడమ్ గారు బడిలో లెక్కలు చెబుతారు కదా. ఇది లెక్కల పని కాదమ్మా, చేతి పని. సార్‌ని పిలవండి" అన్నాడు.

58 రోజుల్లో నన్ను బాగా కోసింది ఆ మాటే. డబ్బు ఇచ్చేది నేను, సామాను తెచ్చేది నేను, టీ పెట్టి ఇచ్చేది నేను. ఎప్పుడు ఏం మాట్లాడాలన్నా అతనికి సార్ కావాలి. సారు వచ్చారు. మేస్త్రీ తన రసమట్టం (నేల మట్టం చూసే స్పిరిట్ లెవెల్) తీసి నేల మీద పెట్టాడు. "చూడండి సార్, బుడగ ఎటు పోయింది? జాలీ వైపు. వాటం అటే ఉంది." మా ఆయన వంగి చూసి, "అవును, అటే పోయింది" అని తల ఊపారు. కూలీలూ తల ఊపారు.

రసమట్టంలో ఉన్నది ద్రవం, బుడగ గాలి. గాలి ఎత్తు వైపు ఎక్కుతుంది. బుడగ జాలీ వైపు పోయిందంటే జాలీ ఎత్తులో ఉందని, గుమ్మం పల్లంలో ఉందని అర్థం. ఇది నేను ఏడో తరగతి పిల్లలకు చెప్పినా ఒప్పుకుంటారు. 22 ఏళ్లుగా అదే పట్టుకుని తిరుగుతున్న మేస్త్రీకి తెలియదని నేను నమ్మను. మా ఆయనకు తెలియదన్న సంగతి అతనికి తెలుసు, అంతే. నేను విప్పి చెప్పబోతే మా ఆయన "పోనీలే, అనుభవం ఉన్నవాడు చెబుతున్నాడు కదా" అన్నారు. బ్యాంకులో లోన్లు ఇచ్చే మనిషికి అనుభవం అనే మాట మీద ఎక్కడ లేని నమ్మకం.

లోపలికి వెళ్లి మా అబ్బాయి చిన్నప్పటి డబ్బా వెతికి ఒక గోళీ తెచ్చాను. జాలీ పక్కన పెట్టి వదిలాను. అది ఒక క్షణం ఆలోచించి, మెల్లగా బయలుదేరి, టైల్ టైలూ దాటుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర నా పాదానికి ఆనుకుని ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బకెట్టు నీళ్లు కుమ్మరించాను. నీళ్లు జాలీ ముఖం కూడా చూడకుండా నేరుగా హాల్లోకి వచ్చి, కాళ్లు తుడుచుకునే పట్టాను తడిపి, దేవుడి గూడు వైపు వెళ్లాయి.

అప్పుడు మేస్త్రీ చెప్పిన మాట యథాతథంగా రాస్తున్నాను: "కొత్త టైల్ మీద పాలిష్ ఉంటుందమ్మా, పది రోజులు వాడితే సర్దుకుంటుంది." వాటం వాడితే సర్దుకుంటుందట! చెప్పులా? అది పనిచేయకపోయేసరికి గుమ్మంలో చిన్న గట్టు కట్టేస్తానన్నాడు. అంటే మా అత్తయ్య తట్టుకుని పడడానికి ఒక గట్టు, లోపల చెరువు.

అసలు కారణం కూలి కుర్రాడు మెట్ల మీద నాతో మెల్లగా చెప్పాడు. మామూలుగా గోడ టైల్స్‌లో అట్టడుగు వరస వదిలేసి, నేల పరిచాక ఆ వరస వాలుకు తగ్గట్టు కోసి దించుతారు. మా మేస్త్రీ గోడ మొత్తం నేల దాకా ముందే దించేశాడు. ఇక నేల వాలితే గోడ కింద సందు కనిపిస్తుంది. అందుకని గోడ గీత ఎలా ఉంటే నేలనూ అలాగే పరిచాడు. ఆ గీతే గుమ్మం వైపు దిగి ఉంది. పైగా రెండడుగుల పలకను ఒక మూలకు వాల్చడం కష్టం, అడుగు బిళ్లలైతే నాలుగు వైపుల నుంచీ జాలీకి వంచవచ్చు. "నేను అప్పుడే చెప్పానమ్మా, నోరు మూసుకో అన్నాడు" అన్నాడు ఆ కుర్రాడు. ఆ రోజు మేమిద్దరం ఒకే బడి.

"రేపు వచ్చి చూస్తాను" అని వెళ్లిన మేస్త్రీ ఆరు రోజులు ఫోను ఎత్తలేదు. నా తప్పు ఇక్కడే. అప్పటికే 77,000 ఇచ్చేశాను. అడ్వాన్సు అన్నాడు, కూలీలకు వారం డబ్బులన్నాడు, అడిగినప్పుడల్లా ఇచ్చాను. మిగిలిన 18,000 కోసం ఎవరు పరుగెత్తుకు వస్తారు? ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి ఒక మధ్యాహ్నం ఆటో ఎక్కి మంగమూరు రోడ్డులో అతను పని చేస్తున్న కొత్త ఇంటికి వెళ్లాను. నన్ను చూసి, ఆ ఇంటి యజమాని వినేటట్టు, "ఈ మేడమ్ గారిది చిన్న పనేనండి, మర్చిపోయాను" అన్నాడు. ఎల్లుండి వస్తానన్నాడు. రాలేదు.

మూడో రోజు సాయంత్రం కూలి కుర్రాడు వచ్చాడు. టైల్స్ కోసే మిషను మా బాల్కనీలోనే ఉండిపోయింది, మేస్త్రీ తెమ్మన్నాడట. నేను మిషను తీసుకెళ్లి మా మంచం కింద పెట్టి, గదికి తాళం వేసి, "మేస్త్రీనే వచ్చి తీసుకెళ్లమను" అన్నాను. మా ఆయన "ఇది బాగుండదేమో" అన్నారు. ఏది బాగుండదు? 78 ఏళ్ల ఆవిడ పదిహేడు మెట్లు దిగి స్నానానికి వెళ్లడం బాగుందా? మర్నాడు ఏడింటికల్లా మేస్త్రీ మా గుమ్మంలో ఉన్నాడు. ఆ రోజు సార్‌ని అడగలేదు.

నేల మొత్తం తీయించాను. కొత్త టైల్స్ డబ్బు నాది, కూలి అతనిది. ఈసారి దుకాణానికి ఒక్కదాన్నే వెళ్లి, గరుకు ఉన్న అడుగు బిళ్లలే తెచ్చాను. పాత నేల తీసేటప్పుడు అడుగున పూసిన వాటర్‌ప్రూఫ్ పూత చీలింది కాబట్టి మళ్లీ రెండు పూతలు, గోడ మీదికి అడుగు ఎత్తు దాకా, వేయించాను. జాలీ గుడ్డతో బిగించి, నీళ్లు నింపి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి 48 గంటలు ఉంచాం. కింద కప్పు పొడిగా ఉంది. కింది ఇల్లాలు రాత్రి ఫోను దీపం వేసి మరీ చూసిందట. గోడ టైల్స్ అట్టడుగు వరస ఊడదీసి, వాలుకు కోసి మళ్లీ దించారు. అడుగుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, చొప్పున వాటం. ఏడడుగులకు ఏడు నూళ్లు, అంటే అంగుళానికి ఒక నూలు తక్కువ. లెక్కల పని కాదన్నాడు కదా, నేనే దారం కట్టి కొలిచాను. సందుల్లో సిమెంటు నింపకముందే మళ్లీ ఒక బకెట్టు. మీరు ఇంకేం మరిచినా ఆ బకెట్టు మరవకండి. సందులు నింపాక ఎవరూ టైల్ ఊడదీయరు. షరతుల కాగితంలో నేను రాయని మాట "వాటం".

వంటగది గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఆగ్నేయంలో పొయ్యి ముందునుంచే ఉంది కాబట్టి వాస్తు పేరుతో వచ్చిన మా ఆడపడుచు భర్తకు కాఫీ ఇచ్చి పంపడంతో ఆ ఘట్టం ముగిసింది. గట్టు ఎత్తు 32 అంగుళాలని మేస్త్రీ పట్టుబట్టాడు. నేను నిలబడి, మోచేయి వంచి, దానికి నాలుగంగుళాలు కిందికి కొలిచి 34 చేయించాను. షెల్ఫులకు తడిని తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే తీసుకున్నాను, సింకు కింద మామూలుది రెండేళ్లు ఆగదు. గట్టు రాయికి చీమకుర్తి దాకా వెళ్లాం, కర్నూలు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు. గెలాక్సీ రాయి, నల్లటి రాతిలో రాగి పొడి చల్లినట్టు ఉంటుంది. మేలైన పలకలు విదేశాలకు పోతాయి, మనకు మిగిలినవి మనం ఏరుకోవాలి. ఎండలో తడిపి చూపించమనండి, పొడిగా ఉంటే వెంట్రుక చీలికలు కనిపించవు. ఒక్క చిక్కు ఉంది. మా బోరు నీటి ఉప్పు ఆ నలుపు మీద తెల్లటి వలయాలు కడుతోంది. రోజూ రాత్రి పొడి గుడ్డతో తుడవవలసిన వంటగట్టు కొనుక్కున్నానని ఇప్పుడు తెలిసింది.

మొత్తం ఖర్చు 3,60,000 దాటింది. కింది వాళ్లకు ఒక నెల అద్దె తగ్గించాను, అది ఇందులో కలపలేదు.

ఆ మొదటి బకెట్టు నీళ్లకు బాత్రూము తలుపు అడుగు చెక్క ఉబ్బింది. ఇప్పుడు తలుపు పడడం లేదు, లోపల ఉన్నవాళ్లు పాట పాడుతూ ఉండాలి. తలుపు తన పని కాదని మేస్త్రీ అన్నాడు. కార్పెంటరు శనివారం వస్తానన్నాడు. ఏ శనివారమో నేను అడగలేదు.