పాల పన్నే కదా అన్నారు

రెండేళ్లు దాటింది. ఇప్పుడు చెయ్యి వణకకుండా రాయగలను కాబట్టి రాస్తున్నాను.

మా పాపకు అప్పుడు ఇరవై నెలలు. స్నానం చేయించి ఒళ్లు తుడుస్తుంటే నా చేతుల్లోంచి జారి పరుగెత్తింది. తడి కాలు జారి మంచం పట్టెకు మూతి కొట్టుకుంది. ఎత్తుకునేసరికి నోటి నిండా రక్తం. తడిగుడ్డతో అద్ది చూస్తే పై వరుసలో ముందున్న రెండు పళ్లలో ఒకటి లేదు. దాని పక్కది వేలు తగిలితే కదులుతోంది. గదిలోకి వస్తూనే అత్తయ్య అన్న మొదటి మాట: "ఒక్క నిమిషం పట్టుకోలేకపోయావా?"

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాం. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు నోట్లోకి లైటు వేసి రెండు క్షణాలు చూశాడు. స్పృహ తప్పిందా, వాంతి అయిందా, మత్తుగా ఉందా అని ఒక్కటీ అడగలేదు. "పాల పన్నే కదమ్మా, ఎలాగూ ఊడిపోయేదే. ఇంత కంగారెందుకు?" అన్నాడు. పన్ను ఎక్కడా కనపడలేదండీ, మింగిందేమో అన్నాను. మింగితే రేపు అదే బయటికి వస్తుందన్నాడు. ఊపిరి గొట్టంలోకి పోయి ఉంటేనో అని అడిగేలోపు పక్క గదిలోకి వెళ్లిపోయాడు. ఆ మనిషి మీద కోపం నాకు ఇంకా పోలేదు. పోవాలని కోరుకోవడమూ లేదు.

ఇంటికి వచ్చాక వెతుకులాట మొదలైంది. ఊడిన పన్నును పాలలో వేసి తీసుకెళ్తే డాక్టరు మళ్లీ పెడతారని ఫోనులో ఎవరో చెప్పారు. ఆ ఆశతో నేనూ మా వారూ ఫోను లైటు పట్టుకుని నేల మీద పాకాం. తువ్వాలు మడతలు, పరుపు కింద, స్నానాల గది తూము దగ్గర అంతా వెతికాం. తరువాత తెలిసింది, ఆ సలహా శాశ్వత దంతాలకే వర్తిస్తుందని. ఊడిన పాల పన్ను దొరికినా తిరిగి పెట్టరు. పెట్టబోతే పైన ఎముకలో తయారవుతున్న పెద్ద పన్ను దెబ్బతినవచ్చు.

రెండు గంటలప్పుడు పాప నిద్రలో దగ్గింది. నా ప్రాణం గొంతులోకి వచ్చింది. చెవి దాని గుండెకు ఆనించి విన్నాను. వాచిన పై పెదవి మీద రక్తం చార ఎండిపోయి ఉంది. నోటితో ఊపిరి తీస్తుంటే చిన్న గురక వినిపిస్తోంది. ఆ గురక వాపు వల్లా, లోపల ఏదైనా అడ్డుపడిందా? ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి నేను మొక్కని దేవుడు లేడు. అప్పుడు అత్తయ్య లేచి వచ్చి, పాపను భుజాన వేసుకుని, గోడకు చేరగిలి కూర్చుంది. "నువ్వు కాసేపు నడుం వాల్చు. నేను వింటుంటాను" అంది. తెల్లారేదాకా అలాగే కూర్చుంది. సాయంత్రం నన్నన్న మాటకు బదులుగా ఆమె ఇంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పొద్దున్నే పిల్లల దంతవైద్యురాలి దగ్గరకు వెళ్లాం. ఆమె ముందు అడిగింది దెబ్బ ఎలా తగిలింది, ఏడుపు వెంటనే వచ్చిందా, ధనుర్వాతం టీకాలు పూర్తయ్యాయా అని. తరువాత నా మోకాళ్లకు తన మోకాళ్లు ఆనించి కూర్చుని, పాప తలను తన ఒళ్లోకి తీసుకుంది. పాప నా ముఖం చూస్తూనే ఉంది. ఎక్స్‌రే తీసి నాకు చూపించింది. "పన్ను ఎక్కడికీ పోలేదమ్మా, ఇదిగో" అంది. చిగురులోకి పూర్తిగా దిగబడిపోయి ఉంది. నేను అక్కడే ఏడ్చేశాను.

ఈ వయసులో దవడ ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి దెబ్బకు పన్ను విరగడం కంటే పక్కకో పైకో జరగడమే ఎక్కువని వివరించింది. మా పాప పంటి వేరు పెదవి వైపు తిరిగింది. లోపలి పెద్ద పన్ను వైపు తిరిగితే తీసేయాలని ఒకప్పుడు అనేవారట. అంతర్జాతీయ దంత గాయాల సంఘం 2020లో సవరించిన సూచనల ప్రకారం ఎటు తిరిగినా దాన్ని తనంతట తానే మళ్లీ కిందికి దిగనివ్వడమే మేలట. సాధారణంగా ఆరు నెలల్లో దిగుతుంది, కొందరికి ఏడాది పట్టవచ్చు. అయితే ఇప్పుడేం చేస్తారని అడిగాను. "ఏమీ చేయను, చూస్తూ ఉంటాను" అంది. వారానికి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు, ఆరు నెలలకు, ఏడాదికి రమ్మని కాగితం మీద రాసిచ్చింది. వారం పాటు రోజుకు రెండుసార్లు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ ద్రవంతో దూది తడిపి చిగురు తుడవమంది, మెత్తటి బ్రష్షు వాడమంది.

ఆలోచిస్తే, రాత్రి డాక్టరూ ఏమీ చేయలేదు, ఈమె కూడా ఏమీ చేయలేదు. కానీ ఆయన చూడకుండా వదిలేశాడు, ఈమె చూసి వదిలింది. ఆ రెండింటి మధ్య తేడా నా రాత్రి మొత్తం.

నెల తిరగకముందే పక్క పన్ను బూడిద రంగుకు తిరిగింది. అది చచ్చిన పన్ను, పీకించెయ్యండని చూసినవాళ్లంతా అన్నారు. రంగు ఒక్కటే మారితే వైద్యం అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. చిగురు మీద చీము పొక్కు లేచినా, వాపు వచ్చినా, పన్ను మరింత కదిలినా వెంటనే రమ్మంది. మీ పిల్లలకు ఇలా జరిగితే రంగు చూసి పీకించకండి, నొప్పి లేదని చూపించకుండానూ ఉండకండి.

ఏడో వారంలో ఒక ఉదయం చిగురు అంచున గోటి చివరంత తెలుపు కనిపించింది. అత్తయ్యను కేకేసి చూపించాను. ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఎనిమిదో నెలకు పన్ను పక్కదాని వరుసలోకి దిగింది.

ఇక మిగిలింది పెద్ద పన్ను. దాని మీద తెల్లటి లేదా పసుపు మచ్చ రావచ్చని, వంకరగానూ రావచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆరేళ్లు వచ్చాక మళ్లీ చూస్తానంది. అందాకా రోజూ రాత్రి పాప పై పెదవి ఎత్తి చిగురును వేలితో తడిమి చూస్తున్నాను. ఈమధ్య నేను బ్రష్షు అందుకోగానే అదే పెదవి పైకి లాగి పట్టుకుంటోంది.