పది రూపాయల యూనిట్టు

ప్రతి నెలా ఐదో తారీఖున మా ఓనరక్క ఒక చీటీ పంపేది. పాత క్యాలెండరు కాగితం చించి వెనకవైపు రాసేది. అద్దె 4,500. నీళ్లు 200. కరెంటు 112 × 10 = 1,120. నాలుగేళ్ల చీటీలు నా కొలతల పుస్తకంలో ఇంకా ఉన్నాయి. ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

అప్పుడు తిరుపతి కొర్లగుంటలో ఉండేవాళ్లం. ఓనరు వాళ్లు కింద, మేడ మీద రేకుల గదుల్లో మేం మూడు కుటుంబాలు. నాది ఇంట్లోనే కుట్టుపని. మిషన్‌కు చిన్న మోటారు, కుట్టిన బ్లౌజులకు ఇస్త్రీ. మోటారు పెద్దగా కరెంటు తాగదు గానీ ఇస్త్రీ పెట్టె గంటసేపు వేడిగా ఉందంటే యూనిట్టు దాకా, అంటే పది రూపాయల దాకా. అందుకే నాలుగు రోజుల బ్లౌజులు కుప్ప వేసుకుని ఒకేసారి చేసేదాన్ని. మధ్యలో ఎవరైనా వచ్చి 'అర్జెంటక్కా, ఇప్పుడే ఇచ్చెయ్' అంటే ప్రాణం ఉసూరుమనేది.

ఇంటికంతా ఓనరు పేర ఒకటే కరెంటు మీటరు. ఎవరి వాడకం ఎంతో చూసుకోవడానికి మాకు పెట్టిన సబ్‌మీటర్లు మెట్ల కింద, చెప్పుల స్టాండు పైన వరసగా ఉండేవి. నాది మూడోది. దాని మీద చిన్న ఎర్రలైటు. 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్టు అని మీటరు మీదే రాసి ఉంటుంది. ఒక రాత్రి పాప నిద్రపోయాక అన్నీ ఆపేసి, దిగొచ్చి చూస్తే అది మిణుకుమంటూనే ఉంది. గుండె గుభేలుమంది. ఎవరైనా మన లైన్లో వైరు తగిలించారా అనుకుని పైకి పరిగెత్తాను. ఎవరూ లేరు, మా ఫ్రిజ్. సెకండ్ హ్యాండ్‌లో నాలుగు వేలకు కొన్నది. చవగ్గా వచ్చిందని మురిసిపోయాం గానీ, ఆ పాతది కొత్తదానికంటే ఎంతో ఎక్కువ కరెంటు లాగుతుందని అప్పుడు తెలియదు. ఫ్యాను సంగతీ అంతే. వైండింగ్ మార్చి మార్చి వాడుతున్న మా ఫ్యాను 75 వాట్లు. ఈ మధ్య వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30, 35 వాట్లతో తిరుగుతాయి. ధర చూసి షాపులోంచి అలాగే వచ్చేశాను. కరెంటు ఆదా చెయ్యాలన్నా ముందు చేతిలో డబ్బుండాలి మరి.

పైగా రేకులు. ఏప్రిల్, మే నెలల్లో రేణిగుంటలో 43, 44 డిగ్రీలని టీవీలో చెబుతుంటే ఓనరు వాళ్లు కూడా అబ్బా అనుకునేవాళ్లు. వాళ్ల నెత్తిన స్లాబు, దాని పైన మేము. మా నెత్తిన రేకు. రాత్రి పదకొండైనా ఆ రేకు చల్లబడేది కాదు. ఆ రెండు నెలలూ చీటీ 1,400 దాటేది.

ఒకసారి తెగించి అడిగేశాను. "అక్కా, యూనిట్టుకు పది జాస్తి కదా?"

ఆమె కోప్పడలేదు. లోపలికెళ్లి అసలు బిల్లు తెచ్చి చేతిలో పెట్టింది. "చూడు మే, దీంట్లో నాకేం మిగులుతాండాదో."

నాలుగిళ్లకూ కలిపి 520 యూనిట్లు. బిల్లు నాలుగున్నర వేల పైమాట. మిగిలితే యూనిట్టుకు రూపాయో, రూపాయిన్నరో. ఆ రాత్రి సుద్దముక్కతో కటింగ్ బల్ల మీదే లెక్క వేశాను. 2022 నుంచి మన రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 520 యూనిట్లు ఒకే మీటరు మీద కాలితే 3,718. అవే యూనిట్లు నాలుగు మీటర్ల మీద తలా 130 కాలితే ఒక్కో ఇంటికి 447, నలుగురికీ కలిపి 1,788. ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ లాంటివి ఎటూ వేరే. అంటే ఓనరక్క మోసం చెయ్యలేదు, మేము దుబారా చెయ్యలేదు, అయినా నెలకు 1,930 రూపాయలు ఊరికే పోతోంది. తక్కువ వాడేవాళ్లకు తక్కువ రేటని పెట్టిన ఈ శ్లాబు పద్ధతి, నలుగురు తక్కువగా వాడేవాళ్లను ఒక మీటరుకు కట్టేస్తే తిరగబడుతుంది. నా 112 యూనిట్లకు సొంత మీటరుంటే 358 రూపాయల యాభై పైసలు. ఆ యాభై పైసలు కూడా సుద్దతో రాసుకున్నాను, కసి కొద్దీ.

మీటరుతో ఇంకో తంటా. నెలకు 300 యూనిట్లు దాటిన ఇంటికి సంక్షేమ పథకాలు వర్తించవన్న నిబంధన గుర్తుందా? నా ఆధార్ ఓనరు వాళ్ల సర్వీసు నంబరుకు లింకై ఉంది. రేకుల గదిలో ఉండే నేను కాగితం మీద 520 యూనిట్ల షావుకారిని. ఆ ఏడాది పాప చదువు డబ్బు ఆగిపోయింది. దాన్ని విడదీయించుకోవడానికి తిరిగిన తిరుగుళ్లు రాస్తే ఇంకో పోస్టు అవుతుంది. పక్క గదిలోవాళ్లు ఎస్టీలు. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో 200 యూనిట్ల దాకా ఉచితం. వాళ్లు పనికోసం కాలనీ వదిలి ఊళ్లోకి వచ్చారు, ఉచితం అక్కడే ఉండిపోయింది. ఇక ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ అట. పెట్టుకోవడానికి ఇల్లుండాలి కదా.

మా అవ్వది చంద్రగిరి దాటాక ఒక పల్లె. ప్రభుత్వ దీపం పథకం కింద ఏడాదికి మూడు గ్యాసు సిలిండర్లు ఉచితం. అయితే ముందు మనం కట్టాలి, తర్వాత డబ్బు ఖాతాలో పడుతుంది. ఆ తొమ్మిది వందలు ఒక్కసారిగా అవ్వ దగ్గర ఎప్పుడుంటాయి? అందుకని గ్యాసు టీకి, చుట్టాలొస్తే కూరకు. అన్నం, వేడినీళ్లు అన్నీ పొయ్యి మీదే. చెరువు కట్ట మీద కంప కొట్టుకొచ్చి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఊదుతుంది. "గ్యాసు అయిపోతాది మే" అంటుంది. దాచుకునే వస్తువైపోయింది.

పోయిన సంక్రాంతి తర్వాత జీవకోన వైపు మారాం. ఇల్లు ఇంకా చిన్నది, అద్దె 700 ఎక్కువ, కానీ విడిగా మీటరు. ఇంటి కోసం తిరిగినన్నాళ్లూ నీళ్ల గురించి కూడా అడగకముందే "మీటరు సపరేటేనా?" అని అడిగేదాన్ని. మొదటి బిల్లు అన్నీ కలుపుకుని ఐదు వందల లోపే వచ్చింది. ఇస్త్రీ ఇప్పుడు రోజూ చేస్తున్నాను.

మే నెలలో అవ్వ వచ్చి వారం ఉంది. రెండో రాత్రి ఉక్కపోతకు మెలకువ వస్తే ఫ్యాను ఆగి ఉంది. కరెంటు పోయిందేమో అనుకున్నా. వీధిలైటు వెలుగుతోంది. స్విచ్ ఆపింది అవ్వే. చీకట్లో గోడకానుకుని కూర్చుని, పాపకు విసనకర్రతో విసురుతోంది.